విలియం, గియోమ్, లియామ్: పాత జెర్మానిక్ పేరును మూలం దాకా తవ్వడం ఎలా

జర్మన్ల విల్‌హెల్మ్, ఫ్రెంచివాళ్ల గియోమ్, స్పెయిన్ గియెర్మో, ఇటలీ గుల్యెల్మో, వేల్స్ గ్విలిమ్, హంగరీ విల్మోష్, ఐర్లండ్ లియామ్. చెవికి ఏడు పేర్లు, నిజానికి ఒకటే జెర్మానిక్ పేరు, అంటే జర్మన్, ఇంగ్లీషు, డచ్చి లాంటి భాషలున్న కుటుంబపు పేరు. మన దగ్గర విలియం అంటాం. ఇలాంటి పాత పేరొకటి చేతికొచ్చినప్పుడు దాని పుట్టుక, దాని రూపాలు మీరే పట్టుకోవచ్చు. అందుకు జర్మన్ రానక్కర్లేదు, పని వరస తప్పకపోతే చాలు.

వరస ఇదీ: ముందు రాతలు పోగుచెయ్యాలి, తర్వాత పేరును ముక్కలు చెయ్యాలి, ఆ తర్వాత ధ్వనుల మార్పు చూడాలి. అర్థం జోలికి వెళ్లేది వీటన్నిటి తర్వాతే. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పిల్లల పేర్ల సైటు తెరుస్తారు, అక్కడ "దృఢసంకల్పం గల రక్షకుడు" అని కనబడుతుంది, దాంతో పని అయిపోయిందనుకుంటారు. అర్థంతో మొదలుపెట్టినవాడికి దారిలో కనిపించినదల్లా ఆ అర్థానికి సాక్ష్యంలాగే ఉంటుంది. అక్షరాలతో మొదలుపెడితే తప్పు చేసినా ఎక్కడ చేశారో తెలుస్తుంది.

1. రాతలు పోగుచేయండి, ఉన్నవి ఉన్నట్టు

కాగితం మీద అయిదు గళ్లు గీయండి: పేరు రాసిన తీరు, సంవత్సరం, ఊరు, పత్రం ఏ భాషలో ఉంది, ఆ మనిషి ఇంట్లో ఏ భాష మాట్లాడేవాడు. చివరి రెండూ ఒకటే కదా అని కలిపేయకండి. ఈ పనిలో సగం తప్పులు అక్కడే పుడతాయి.

షేక్‌స్పియర్ సంగతి చూడండి. 1564 ఏప్రిల్ 26న స్ట్రాట్‌ఫర్డ్ చర్చి బాప్తిస్మ రిజిస్టరులో ఆయన పేరు "గులియెల్ముస్" అని ఉంది. 1616లో అదే చర్చి ఖనన రిజిస్టరులో ఆ పేరే "విల్" అని, పక్కన ఒక చుక్కతో ఉంది. మనిషి మారలేదు, ఊరు మారలేదు, రాసిన భాష మారింది. మొదటిది లాటిన్, రెండోది ఇంగ్లీషు. వార్విక్‌షైర్‌లో ఆయన్ని గులియెల్ముస్ అని పిలిచినవాళ్లు ఎవరూ ఉండరు. పైగా ఆ లాటిన్ వాక్యంలో తండ్రి పేరు విభక్తి కూడా తప్పే: "యోహానిస్" అని ఉండాల్సిన చోట "యోహానెస్" అని రాశాడు గుమస్తా. రిజిస్టరు రాసేవాళ్లూ మనుషులే కాబట్టి ఒక్క రాతను నమ్మి ఏదీ తేల్చకండి.

లాటిన్ పత్రాలతో ఇంకో చిక్కుంది. గులియెల్ముస్, గులియెల్మి, గులియెల్ముమ్, గులియెల్మో అని నాలుగు రకాలుగా కనిపిస్తే కొత్తవాళ్లు నాలుగు రూపాలుగా రాసుకుంటారు, చివరిదాన్ని ఇటాలియన్ అని కూడా అనుకుంటారు. అవి విభక్తులు మాత్రమే. రాముడు, రాముని, రామునికి అనేవి మూడు పేర్లని మనం అనుకోం కదా. గళ్లలో ప్రథమా విభక్తి రూపం ఒక్కటే రాసి, మిగతావి దాని కింద చిన్నగా పెట్టుకోండి. మినహాయింపు ఒకటే: విల్‌హెల్మి అనేది జర్మనీలో ఇంటిపేరుగా కూడా ఉంది. చదువుకున్న కుటుంబాలు "విల్‌హెల్ముస్ కొడుకు" అనే అర్థంలో లాటిన్ షష్ఠినే ఇంటిపేరుగా నిలుపుకున్నాయి.

రాతను రోమన్ అక్షరాల్లోనే దించుకోండి, తెలుగులోకి మార్చకండి. "గియోమ్" అని తెలుగులో రాసుకున్నారంటే సాక్ష్యం చెరిపేసుకున్నట్టే. ఫ్రెంచి రాతలో జి పక్కన యు, మధ్యలో రెండు ఎల్‌లు, చివర ఎ-యు-ఎమ్-ఇ ఉన్నాయి. మూడో మెట్టులో మీకు పనికొచ్చేవి ఇప్పుడు నోట పలకని ఆ అక్షరాలే.

డబ్ల్యూ దగ్గర మరీ జాగ్రత్త. ప్రాచీన లాటిన్‌లో ఆ అక్షరమే లేదు. రాయసగాళ్లు రెండు యులో, రెండు వీలో పక్కపక్కన పెట్టి పని నడిపారు. ఇంగ్లీషులో దాన్ని ఇప్పటికీ "డబుల్ యు" అనడం అందుకే. 1066 నాటి ఇంగ్లండ్ దండయాత్రను గుడ్డ మీద కుట్టి చూపించిన బేయూ టాపెస్ట్రీ దాదాపు 70 మీటర్ల పొడవుంటుంది. అందులో ఆ దండయాత్ర నడిపిన నార్మండీ ప్రభువు పేరు ఒకచోట "విల్లెల్మ్", ఇంకోచోట "విల్గెల్మ్". కొన్నిచోట్ల డబ్ల్యూ, కొన్నిచోట్ల రెండు వీలు. ఒక్క గుడ్డ మీద ఒక్క మనిషికే ఇన్ని రాతలుంటే అయిదు వందల ఏళ్ల పత్రాల్లో ఎన్నుంటాయో మీరే లెక్కవేసుకోండి. అందుకే సూచికల్లో వెతికేటప్పుడు డబ్ల్యూ కింద మాత్రమే చూసి ఆగకండి. వీ, యు, జి కింద కూడా చూడాలి. ఇంగ్లీషు రిజిస్టర్లలోనైతే డబ్ల్యూ పక్కన పైకెత్తి రాసిన చిన్న ఎమ్ కూడా విలియమే. దాన్ని చూసి వేరే మనిషి అనుకుని వంశవృక్షంలో ఒక తమ్ముణ్ణి పుట్టించినవాళ్లున్నారు.

ఎన్ని రాతలు చాలు? కనీసం పన్నెండు. అవి మూడు భాషలకు తగ్గకూడదు, వాటిలో 1200కు ముందువి రెండైనా ఉండాలి. పాతవి ఎక్కడ దొరుకుతాయంటే: ఇంగ్లండ్‌కు 1086 నాటి డూమ్స్‌డే భూముల లెక్క, జర్మన్ వైపు రైషెనౌ, సాంక్ట్ గాలెన్ మఠాల స్మరణ పుస్తకాలు. సన్యాసులు ప్రార్థనలో తలుచుకోవాల్సిన వాళ్ల పేర్లు అందులో వేల కొద్దీ ఉన్నాయి, అవన్నీ అచ్చయ్యాయి కూడా. పాత జర్మన్ పేర్లకు ఎర్న్‌స్ట్ ఫోర్‌స్టెమాన్ 19వ శతాబ్దంలో కూర్చిన నిఘంటువు ఇప్పటికీ పనికొస్తుంది. కానీ అందులో పేర్లు అకారాది వరసలో ఉండవు, మొదటి ముక్క కింద గుంపులుగా ఉంటాయి. అంటే రెండో మెట్టు ఎక్కకుండా ఆ పుస్తకం తెరిచినా మీకు పేజీ దొరకదు.

2. రెండు ముక్కలు చేయండి

పాత జెర్మానిక్ పేర్లలో ఎక్కువ భాగం రెండు పదాల అతుకు. మన వెంకట-రమణ, నాగ-భూషణం లాంటివే. విల్ + హెల్మ్. అతుకు ఎక్కడో కళ్లతో చూసి తేల్చకండి, పరీక్ష పెట్టండి: ఒక్కో ముక్క అదే స్థానంలో కనీసం రెండు వేరే పేర్లలో కనిపించాలి. విల్ ముందుండే పేర్లు విల్‌ఫ్రిడ్, విల్లిబాల్డ్, విల్లిబ్రోర్డ్. హెల్మ్ వెనకుండే పేర్లు ఆన్‌సెల్మ్, డీట్‌హెల్మ్. రెండు ముక్కలూ నిలిచాయి కాబట్టి కోత సరైనదే. "విలి + యం" అని కోస్తే "యం"తో ముగిసే ఇంకో జెర్మానిక్ పేరు మీకు దొరకదు. కోత తప్పని అక్కడే తెలిసిపోతుంది.

ఎదురుపడే ముక్కల జాబితా మరీ పెద్దది కాదు. వెనక వచ్చేవాటిలో బెర్ట్ (ప్రకాశం), హార్డ్ (గట్టి), రిక్ (ఏలిక), వుల్ఫ్ లేదా ఓల్ఫ్ (తోడేలు), వాల్డ్ (అధికారం), గర్ (ఈటె), ముండ్ (రక్ష), విగ్ (పోరు) తెలిస్తే ఆల్బర్ట్, రిచర్డ్, ఫ్రెడరిక్, రుడాల్ఫ్, హెరాల్డ్, ఎడ్గర్, ఎడ్మండ్, లుడ్‌విగ్ అన్నీ విచ్చుకుంటాయి. ఆడవాళ్ల పేర్లలో చివర హిల్డ్, గుండ్, ట్రూడ్, బుర్గ్ లాంటి స్త్రీలింగ పదాలుంటాయి. హెల్మ్ పుంలింగం. అందుకే విల్‌హెల్మ్ మగ పేరైంది. ఆడపిల్లకు పెట్టాలంటే "ఇనా" తగిలించి విల్‌హెల్మీనా చెయ్యాల్సి వచ్చింది. 1890 నుంచి 1948 దాకా నెదర్లాండ్స్‌ను ఏలిన రాణి పేరు అదే.

ఈ ముక్కలను కుటుంబాలు ఎలా వాడుకున్నాయో తెలిస్తే తర్వాతి మెట్లు తేలికవుతాయి. 9వ శతాబ్దపు వెసెక్స్ రాజు ఏథెల్‌వుల్ఫ్ కొడుకుల పేర్లు చూడండి: ఏథెల్‌స్టన్, ఏథెల్‌బాల్డ్, ఏథెల్‌బెర్ట్, ఏథెల్‌రెడ్. చివరివాడు మాత్రం ఆల్‌ఫ్రెడ్, చరిత్రలో మిగిలింది వాడే. అందరికీ ముందు "వెంకట" తగిలించే ఇళ్లు మనకు తెలియనివి కావు. 11వ శతాబ్దపు వూస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్ పేరు ఇంకా ముచ్చటగా ఉంటుంది. తల్లి వుల్ఫ్‌గివు, తండ్రి ఏథెల్‌స్టన్. తల్లి నుంచి ముందు ముక్క, తండ్రి నుంచి వెనక ముక్క తీసి అతికించారు. ఫలితం "తోడేలు + రాయి". ఆ రెంటినీ కలిపి అర్థం చెప్పమంటే వాళ్ల అమ్మానాన్నలకు కూడా నవ్వొచ్చేదేమో.

అన్ని పేర్లూ రెండు ముక్కలవ్వవు. కార్ల్ అంటే "మగవాడు, స్వతంత్రుడు" అనే ఒంటి పదం. దాన్ని కోయబోతే చేతికి ఏమీ రాదు. చార్లెస్, కార్లోస్, కారెల్, కారోయ్, కెరొలైన్, షార్లెట్ అన్నీ ఆ ఒంటి పదం పిల్లలే. మన సి. పి. బ్రౌన్ దొర పేరులో "సి" ఈ జెర్మానిక్ చార్లెస్. "పి" మాత్రం గ్రీకు ఫిలిప్, అంటే గుర్రాలంటే ఇష్టపడేవాడు. ఒకే మనిషి పేరులో రెండు వంశాలు పక్కపక్కనే ఉండొచ్చు కాబట్టి ఒక్కో పేరును విడిగా పరీక్షించండి.

3. ధ్వనుల వెంట నడవండి

అసలు పని ఇక్కడుంది, ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఒక రూపం మీ పేరుకు చుట్టమని చెప్పాలంటే మధ్యలో జరిగిన ప్రతి మార్పుకూ అదే భాషలో ఇంకో ఉదాహరణ చూపించగలగాలి. చూపించలేకపోతే ఆ చుట్టరికాన్ని పక్కన పెట్టాలి.

ఈ సూత్రం మనకు ఇంట్లోదే. తెలుగు "వెన్న" కన్నడంలో "బెణ్ణె", "వేరు" అక్కడ "బేరు", "వేప" అక్కడ "బేవు". పదం మొదట మన "వ" ఉన్నచోట వాళ్లకు "బ" వస్తుంది. ఒక్క జంట దొరికితే అది కాకతాళీయం కావచ్చు, మూడు దొరికితే నియమం. అలాంటి నియమమే విలియంను గియోమ్‌గా మార్చింది.

మొదటి మార్పు: జెర్మానిక్ "వ" (డబ్ల్యూ) పారిస్ వైపు ఫ్రెంచిలో "గు" అయింది, తర్వాత యు పలకడం మానేశారు. ఉత్తరాన నార్మండీ, పికార్డీ వైపు "వ" అలాగే ఉండిపోయింది. ఇంగ్లండ్‌కు రెండు రకాల ఫ్రెంచీ చేరింది కాబట్టి ఒకే మాట రెండు వేషాల్లో దిగింది. ఫ్రిజ్ కొన్నప్పుడు ఇచ్చే "వారంటీ", ఎన్నికలప్పుడు ఇచ్చే "గ్యారంటీ" ఒకే మాట. హాస్టల్ "వార్డెన్", అడ్మిషన్ ఫారంలో "గార్డియన్" ఒకే మాట. ఆసుపత్రి "వార్డు", గేటు దగ్గర "గార్డు" కూడా ఒకే జెర్మానిక్ మూలానివి. విలియం, గియోమ్ ఈ వరసలో ఇంకో జంట. ఇంగ్లండ్ గెలిచినవాడు నార్మన్ కాబట్టి ఇంగ్లీషులో "వ" రూపం మిగిలింది. అదే పారిస్ రాజు గెలిచి ఉంటే ఇంగ్లీషువాళ్లు ఇవాళ "గ"తో మొదలయ్యే పేరు పెట్టుకునేవాళ్లు.

రెండో మార్పు మధ్యలో: "ల్" పక్కన "హ" జారిపోయింది. విల్‌హెల్మ్ విల్లెల్మ్ అయింది, దక్షిణాది భాషల్లో ఆ "ల్ల" మెత్తబడి "ల్య"గా మారింది. ఇటాలియన్లు దాన్ని జి-ఎల్ అనీ, పోర్చుగీసువాళ్లు, ఆక్సిటన్ వాళ్లు ఎల్-హెచ్ అనీ, స్పానిష్‌వాళ్లు, కాటలన్‌వాళ్లు రెండు ఎల్‌లుగానూ రాస్తారు. చూడ్డానికి మూడు రాతలైనా పుట్టింది ఒకే ధ్వని నుంచి. పోర్చుగీసు రాతలో హెచ్ చూసి "పాత హెల్మ్‌లోని హెచ్ ఇక్కడ బతికుంది" అని మురిసిపోకండి. అది మెత్తదనానికి పెట్టిన గుర్తు మాత్రమే.

మూడోది చివర: ఫ్రెంచిలో హల్లుకు ముందున్న "ల్" కాస్తా "ఉ" అయింది. అందుకే హెల్మ్ ముందు "ఎయుమ్" అయి, చివరికి "ఓమ్" దగ్గర ఆగింది. దీనికి రుజువు ఎక్కడో వెతకనక్కర్లేదు. యుద్ధంలో పెట్టుకునే శిరస్త్రాణానికి పాత ఫ్రెంచి మాట "ఓమ్" (హెచ్-ఇ-ఎ-యు-ఎమ్-ఇ). అది ఇదే హెల్మ్. గియోమ్ పేరు చివర ఆ శిరస్త్రాణం ఇప్పటికీ అలాగే ఉంది. స్పానిష్, పోర్చుగీసు వేరే పని చేశాయి: ఒకే పేరులో రెండు "ల"లు పలకడం నోటికి బరువై రెండోదాన్ని "ర" చేశాయి. గియెర్మో, గిల్యెర్మ్ అలా వచ్చాయి. ఇటాలియన్ గుల్యెల్మోకు ఆ బరువు అనిపించలేదు. రేడియో మార్కోనీ పేరులో "ల" రెండుసార్లూ వినిపిస్తుంది.

మిగతావి త్వరగా చూద్దాం. ఐస్‌లాండ్ విల్‌హ్యాల్‌మూర్‌లో "ఎ" విరిగి "యా" అయింది, చివరి "ఉర్" ప్రథమా విభక్తి. లాటిన్ "ఉస్", లిథువేనియన్ "అస్" లాగా, మన డు-ము-వు లాగా దాన్ని తీసి పక్కన పెట్టి పోల్చండి. రష్యన్‌లో విల్గెల్మ్, ఎందుకంటే ఆ భాషలో "హ" లేదు, పరాయి "హ"కు పాత అలవాటుగా "గ" రాశారు. నార్మన్లు 1169 నుంచి ఐర్లండ్‌లో దిగాక పేరు "ఉల్లియం"గా ఐరిష్‌లో చేరింది. తల తెగ్గొట్టగా మిగిలింది లియామ్. నేడు ప్రపంచమంతా పెట్టుకుంటున్న లియామ్‌లో "విల్" ముక్కలో మిగిలింది ఒక్క "ల్" మాత్రమే.

వేల్స్ గ్విలిమ్ దగ్గర కొత్తవాళ్లు బోల్తా పడతారు. "గ్వ" చూడగానే ఫ్రెంచి నుంచి వచ్చిందంటారు. కాదు. వెల్ష్ భాషకు పదం మొదటి "వ"ను "గ్వ" చేసే అలవాటు సొంతంగానే ఉంది. లాటిన్ "వీనుమ్", అంటే వైన్, అక్కడ "గ్విన్" అయింది. ఫ్రెంచి, వెల్ష్, రష్యన్ మూడింటిలోనూ "గ" కనిపిస్తుంది, మూడింటికీ కారణం వేరు. గళ్లలో కారణం రాసుకోకపోతే ఈ మూడూ ఒక గుంపులో పడి, చివర మీరు గీసే పేర్ల చెట్టు మొత్తం వంకరపోతుంది.

4. ఇప్పుడు అర్థం

విల్ అంటే "కోరిక, ఇచ్ఛ". ఇంగ్లీషు విల్, జర్మన్ విల్లె అదే. హెల్మ్ అంటే "శిరస్త్రాణం", దాని వెనక "కప్పి కాచేది" అనే భావం. ఈ రెంటినీ విడివిడిగా చెప్పి ఆగండి. "సంకల్పబలంతో రక్షించేవాడు" అని వాక్యం కట్టకండి. ముక్కలను తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి తీసి అతికించేవాళ్లకు వాక్యం కుదరాలన్న పట్టింపు లేదు. 6వ శతాబ్దపు ఫ్రాంకుల రాణి ఫ్రెడెగుండ్ పేరు "శాంతి + యుద్ధం". హిల్డెగుండ్ "యుద్ధం + యుద్ధం". వీటికి పొడుగాటి అర్థం రాసిన సైటు కనిపిస్తే ఆ సైటులో మిగతా పేర్లనూ అనుమానించండి.

మన పాఠకులకు ఇక్కడొక తాయిలం ఉంది. జెర్మానిక్, లాటిన్, సంస్కృతం అన్నీ ఉన్న పెద్ద కుటుంబం ఇండో-యూరోపియన్. ఆ భాషల్లో ఇంకా వెనక్కి వెళితే, "విల్" ధాతువే సంస్కృతంలో ఎంచుకోవడం అనే అర్థంలో ఉంది. వరం, వరుడు, స్వయంవరం అందులోంచే వచ్చాయి. "ల" ఉన్నచోట సంస్కృతంలో తరచు "ర" వస్తుంది: ఇంగ్లీషు లైట్, మన రోచిస్సు (కాంతి) అలాంటి జంటే. హెల్మ్‌ను భాషావేత్తలు సంస్కృత "శర్మన్"తో కలుపుతారు. దాని అర్థం కూడా ఆశ్రయం, రక్షణే. జెర్మానిక్ "హ"కు సంస్కృత "శ" ఎదురుపడటం నియమమే: హండ్రెడ్-శతం, హార్న్-శృంగం, హౌండ్-శ్వానం. అంటే ధాతువుల లెక్కన విలియం మన "వరశర్మ"కు దూరపు చుట్టం. కానీ ఇది ధాతువుల చుట్టరికం, పేరు చుట్టరికం కాదు. వరశర్మ అనే పేరు యూరప్ వెళ్లి విల్‌హెల్మ్ కాలేదు, అక్కణ్నుంచి ఇక్కడికీ రాలేదు. ఈ గీత దాటి "అన్ని పేర్లూ సంస్కృతం నుంచే" అని రాసేవాళ్లకు కొదవ లేదు. పైగా వరం, శర్మ తెలుగుకు అరువు మాటలు. అచ్చ తెలుగు మాటలు వేరే కుటుంబానివి, వాటిని ఈ లెక్కలోకి లాగకూడదు.

5. ముద్దుపేర్లు, ఇంటిపేర్లు కలపండి

12వ శతాబ్దంలో విలియం పేరు ఎంత కిక్కిరిసిందంటే, నార్మండీలో ఒక క్రిస్మస్ విందులో విలియం అన్న పేరున్న వీరులు మాత్రమే ఒక గదిలో కూర్చుని తింటే వందకు పైగా తేలారని ఆ కాలపు చరిత్రకారుడు రాశాడు. వీధికి పదిమంది విలియంలుంటే గుర్తుపట్టడానికి ముద్దుపేర్లు, తోకలు తప్పవు. మన ఊళ్లలో పొట్టి సుబ్బారావు, మిల్లు సుబ్బారావు పుట్టినట్టే.

ముద్దుపేరుకు మూడు దారులు. కత్తిరించడం: విల్, డచ్చిలో విమ్, ఫిన్నిష్‌లో విల్లె. మొదటి హల్లు మార్చడం: విల్ బిల్ అయింది, రాబ్ బాబ్ అయినట్టు, రిక్ డిక్ అయినట్టు. కృష్ణ కిట్టు అయిన దేశంలో దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు. తోక తగిలించడం: విల్కిన్, విల్‌కాక్, విల్లెట్. మన అయ్య, అన్న, గాడు చేసే పని ఈ కిన్, కాక్, ఎట్ చేశాయి.

వీటి మీద "కొడుకు" చేరితే ఇంటిపేరు. విలియమ్స్, విలియమ్సన్, విల్సన్, విల్కిన్సన్, విల్‌కాక్స్, విల్లిస్ ఇంగ్లీషువి. ఫిట్జ్‌విలియంలో "ఫిట్జ్" పాత ఫ్రెంచి "కొడుకు". మక్‌విలియంలో "మక్" గేలిక్ "కొడుకు". ఫ్రెంచిలో గియో, గియ్‌మాన్, గియోటాన్. చివరిదాని మీదే గిలొటిన్ యంత్రానికి పేరొచ్చింది. అంటే తల నరికే ఆ యంత్రం పేరులోనూ ఒక విలియం ఉన్నాడు. ఫ్రెంచి ఉద్ధరణ చిహ్నాన్ని "గియ్‌మె" అంటారు, గిల్లెమాట్ అనే సముద్రపక్షి ఒకటుంది. రెండూ గియోమ్ ముద్దుపేర్లే. ఆంధ్ర, తెలంగాణ క్రైస్తవ కుటుంబాల్లో విలియమ్స్‌ను పెట్టుకునే పేరుగా కూడా చూస్తాం. చెట్టులో దాన్ని విలియం పక్కన కాకుండా ఇంటిపేర్ల కొమ్మ మీద పెట్టండి, ఎందుకంటే ఆ చివరి "స్" ఎవరో పాత తండ్రిని సూచించే గుర్తు.

6. చుట్టం కానివాళ్లను బయటికి పంపండి

పోలిక చూసి లోపలికొచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. విల్‌ఫ్రిడ్ సగం చుట్టమే: మొదటి ముక్క కలిసింది, పేరు వేరు. ఫ్రెంచి "గీ", ఇంగ్లీషు "గై" చూస్తే గియోమ్‌కు కత్తిరింపులా ఉంటుంది. నిజానికి అది "వీడో" అనే వేరే పేరు. బేయూ టాపెస్ట్రీలోనే ఒక ప్రభువు పేరు "విడో" అని కుట్టి ఉంది, నేటి చరిత్ర పుస్తకాల్లో ఆయన గై. "వ" నుంచి "గు" మార్పు అతనికీ జరిగింది, అంతే. "గిల్" అనే ఇంటిపేరు విలియం నుంచి కాకుండా జైల్స్ నుంచో, గిలియన్ నుంచో వచ్చి ఉండొచ్చు. పాత రాత దొరకనిదే చెట్టులో పెట్టొద్దు.

థియొడొరిక్ ఇంకో రకం ఉచ్చు. "థియో" చూసి "దేవుడు" అనే గ్రీకు మాట అంటారు. కాదు, జెర్మానిక్ "థ్యుడ్", అంటే జనం. జర్మన్‌లో అదే డీట్రిష్. లాటిన్‌లో రాసినవాళ్లు తమకు తెలిసిన థియొడోర్ పోలికలో రాశారు. తెలిసిన మాట పోలికలోకి లాగడం మనమూ చేస్తాం. విలియం టెల్ విల్లు పట్టినవాడు కాబట్టి విలియం "విల్లు" నుంచి వచ్చిందని సరదాగా అనేవాళ్లుంటారు. నవ్వి వదిలేయాల్సిన మాట, కానీ ఇలాంటివే గంభీరంగా అచ్చయి తిరుగుతుంటాయి.

7. రాసేటప్పుడు

మూలరూపాన్ని పైన రాసి, అది ఏ పత్రంలోనూ లేకుండా ఊహించి కట్టినదైతే ముందు నక్షత్రం గుర్తు పెట్టండి. కింద కొమ్మలను భాష వారీగా కాకుండా మార్పు వారీగా చీల్చండి: "వ" నిలిచినవి ఒక వైపు, "గు" అయినవి ఒక వైపు. అప్పుడు ఇంగ్లీషు విలియం జర్మన్ నుంచి నేరుగా రాలేదని, నార్మన్ ఫ్రెంచి గుండా వచ్చిందని చెట్టే చెబుతుంది. ప్రతి రూపానికీ మీకు దొరికిన అన్నిటికన్నా పాత సంవత్సరం రాయండి. సంవత్సరం లేని రూపాన్ని చుక్కల గీతతో కలపండి.

తెలుగులో రాస్తే ఒక్కో మనిషికి ఏ రూపం వాడాలో ముందే తేల్చుకోండి. ఇంగ్లండ్ రాజైన మూడో విలియం పుట్టుకతో డచ్చి విల్లెం. కలకత్తా ఫోర్ట్ విలియం ఆయన పేరు మీదిదే. 1814లో శ్రీరాంపూర్ నుంచి తెలుగు వ్యాకరణం అచ్చువేసిన విలియం కేరీని విల్‌హెల్మ్ అనక్కర్లేదు, ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌గెన్‌ను విలియం అనకూడదు. మనిషి ఇంట్లో మాట్లాడిన భాషను పాటించండి. మొదటి మెట్టులో అయిదో గడి పెట్టించింది ఇందుకే.

చేయి తిరగడానికి రెండో పేరు లుడ్‌విగ్ తీసుకోండి. ముక్కలు "హ్లుడ్" (పేరుపొందిన), "విగ్" (పోరు). మొదటి ముక్క ముందున్న "హ" కొన్నిచోట్ల ఫ్రాంకుల నోట గట్టిగా "ఖ్"లా పలికి, లాటిన్ రాతలో సి-హెచ్‌గా, చివరికి ఉత్త "క"గా మిగిలింది, ఇంకొన్నిచోట్ల పూర్తిగా రాలిపోయింది. "క" మిగిలిన రూపం క్లోవిస్, రాలిన రూపాలు లూయీ, లూయిస్, లుయీజీ, హంగరీ లయోష్. నాలుగో మెట్టులో చెప్పిన "హ-శ" నియమం వేసి చూడండి: ఇంగ్లీషు లౌడ్, సంస్కృత శ్రుతం ఎదురెదురుగా నిలుస్తాయి. మైకుసెట్టు లౌడ్‌స్పీకరూ, సంగీతంలో శ్రుతీ ఒక్క ధాతువే. ఒక ఉచ్చు కూడా ఉంది: వేల్స్‌లో లూయిస్ ఇంటిపేరు చాలాసార్లు వెల్ష్ పేరు లెవెలిన్‌కు వేసిన ఇంగ్లీషు ముసుగు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడానికి ఫ్రాన్స్ రాజుల పట్టిక తెరవండి. ఫ్రాంకులను ఏకం చేసిన క్లోవిస్ 5వ శతాబ్దం చివర పట్టానికొచ్చాడు. ఒకటో లూయీ 9వ శతాబ్దంలో వచ్చాడు, లెక్క 18 దాకా సాగింది. ఇద్దరిదీ ఒకే పేరని మీ చెట్టు చూపిస్తే, లెక్క ఎక్కణ్నుంచి మొదలవ్వాల్సిందో మీకు కనబడుతుంది.